చివరగా వినిపించిన గొంతు

నరసాయమ్మ తలకి తొడిగిన గాజు టోపీ లోపల నీలంరంగు కాంతి సన్నటి దారంలా తిరుగుతోంది. బల్ల మీద పడుకున్న ఆ ముసలావిడ ముఖంలో బాధ ఏమీ లేదు. అద్దానికి ఇవతలి గదిలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దాలినాయుడు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడని కాదు. రిటైర్మెంటుకి దగ్గరపడిన ఆ మనిషికి ఈ మధ్య శవాల ఎదుట కళ్లు తెరిచి కూర్చోబుద్ధి కావడం లేదు.

"వస్తోందండీ," అంది డాక్టర్ హైమవతి కంప్యూటర్ ముందు నుంచి.

స్పీకర్లో మొదట గాలి వీచినట్టు చప్పుడయింది. తర్వాత ఒక మగగొంతు, నిండుగా, కాస్త నవ్వు కలిసిన గొంతు.

"నర్సీ, ముందుకి రా. సీటుంది."

అంతే. మళ్లీ నిశ్శబ్దం.

"మొగుడేనా?" అన్నాడు దాలినాయుడు కళ్లు తెరవకుండానే.

"పాత వీడియోలేమైనా ఉంటే పోల్చి చెప్తాను. నాకు మాత్రం దగ్గరి మనిషి గొంతులాగే ఉంది."

"ప్రతిసారీ దగ్గరివాళ్లేనమ్మా," అని ఆయన లేచాడు. ఇది నాలుగోసారి. ముగ్గురు ముసలివాళ్లు ఇంతకుముందు ఇలాగే పోయారు, పట్టపగలు, సొంత ఇంట్లో, ముఖం మీద దిండు అదిమి. మొదటి కేసులో కొడుకు. రెండో కేసులో కూతురు. మూడో కేసులో పెంచుకున్న మేనల్లుడు. ముగ్గురినీ అరెస్టు చేసింది దాలినాయుడే. మనుషులు తమని కన్నవాళ్లనీ పెంచినవాళ్లనీ ఇంత తేలిగ్గా ఎలా చంపగలుగుతున్నారో ఆయనకి అంతుపట్టలేదు. ఊరు చెడిపోయిందనుకున్నాడు.

ఆ ముగ్గురినీ పట్టించింది ఈ యంత్రమే. దాని పేరు శ్రవణి. మనం విన్న ప్రతి శబ్దమూ చెవిలోంచి మెదడుకి చేరి, అక్కడి న్యూరాన్ల నడుమ ఉండే ప్రోటీన్లలో ఒక గుర్తు వేస్తుంది. తడి ఇసుక మీద అడుగుజాడ లాంటిదది. వెనకనే ఇంకో అల వచ్చి చెరిపేస్తుంది; అంటే కొత్త శబ్దం పాత శబ్దాన్ని తుడిచేస్తుంది. మనిషి ప్రాణం పోయాక ఇక అల రాదు. చిట్టచివరి అడుగుజాడ కొన్ని గంటలపాటు అలాగే ఉండిపోతుంది. లేజర్ కిరణంతో దాన్ని చదివి తిరిగి శబ్దంగా మార్చడం శ్రవణి పని. ప్రాణం పోయేటప్పుడు చూపు ముందే మసకబారుతుంది గాని, చెవి చివరిదాకా మేలుకునే ఉంటుంది. అందుకే చనిపోయినవాళ్లు ఆఖరున ఎవరి మాట విన్నారో తెలుసుకోవడం సాధ్యమైంది.

కోర్టులో లాయర్లు ఊరుకోలేదు. కంప్యూటర్‌తో ఎవరి గొంతునైనా పుట్టించగలిగే ఈ కాలంలో ఇదేం సాక్ష్యం అన్నారు. స్పీకర్లోంచి వచ్చిన మాటకీ మనిషి గొంతులోంచి వచ్చిన మాటకీ మెదడులో పడే గుర్తు వేరని, ఆ తేడా శ్రవణి పసిగడుతుందని హైమవతి జడ్జి ముందే చేసి చూపించింది. దాంతో అందరూ నోళ్లు మూసుకున్నారు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక కొత్త భయం మొదలైంది. ఆస్పత్రుల్లో చావుబతుకుల్లో ఉన్నవాళ్ల మంచం పక్కన బంధువులు పెదవి విప్పడం మానేశారు. ఆఖరి మాట తమదైతే పోలీసులు వస్తారని భయం. నోట్లో తులసినీళ్లు పోసేవాళ్లు సైతం మౌనంగా పోసి తప్పుకునేవాళ్లు.

సాయంత్రానికి హైమవతి ఫోన్ చేసింది. వీడియోల్లోని గొంతుతో సరిగ్గా సరిపోయిందని, అది నరసాయమ్మ భర్త కూర్మారావు గొంతేనని చెప్పింది.

కూర్మారావు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. కంచరపాలెంలో రెండు గదుల ఇల్లు. దాలినాయుడు వెళ్లేసరికి వరండాలో బెంచీ మీద, మెడకి తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. లోపల చుట్టాలెవరో ఏడుస్తున్నారు.

"మీరు మాతో స్టేషన్‌కి రావాలి కూర్మారావుగారూ."

ఆయన లేచి నిలబడి, జేబులోంచి టార్చిలైటంత పరికరం ఒకటి తీసి గొంతు కింద ఆనించుకున్నాడు. అందులోంచి ఈగ రొద పెట్టినట్టు ఒకే శ్రుతిలో మాట వచ్చింది.

"ఏటైంది బాబూ?"

దాలినాయుడు ఆ పరికరం వంకే చూస్తూ ఉండిపోయాడు. కూర్మారావు తువ్వాలు తీసి చూపించాడు. మెడ మీద పాత కోత, దాని నడుమ ఊపిరి పీల్చుకోవడానికి పెట్టిన రంధ్రం.

"కేన్సరు. గొంతు తీసీసేరు. మూడేళ్లయింది."

దాలినాయుడు ఆయన్ని కూర్చోబెట్టి, తనూ పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఫోన్ తీసి ల్యాబ్‌లో రికార్డు చేసింది వినిపించాడు. నర్సీ, ముందుకి రా. సీటుంది.

ముసలాయన చేతిలోంచి పరికరం జారి ఒళ్లో పడింది. పెదవులు మాత్రం కదిలాయి, మాట రాలేదు. తిరిగి దాన్ని గొంతుకి ఆనించుకున్నాడు.

"నాదే. నా గొంతే అది. పెళ్లయిన కొత్తలో మా బస్సులోనే అనకాపల్లిలో పుట్టింటికెళ్లేది. రద్దీగుంటే అలా పిలిసేవాణ్ని." ఆగి, మళ్లీ అన్నాడు. "ఇంకోపాలి ఎయ్యండి బాబూ. ఆ గొంతు విని నాకూ మూడేళ్లయింది."

దాలినాయుడు వేశాడు. అడిగినన్నిసార్లు వేశాడు.

ఆయన్ని అరెస్టు చెయ్యలేదు. గొంతు లేనివాడు మాట్లాడలేడు. రికార్డింగూ కాదని యంత్రం అంటోంది. అలాంటప్పుడు ఆ మాట అన్నదెవరు? ఈ ప్రశ్న బుర్రలో మెదులుతుండగా దాలినాయుడు ఇంట్లోకి వెళ్లి వంటగది మరోసారి చూశాడు. పొయ్యి మీద కుక్కరు అలాగే ఉంది. లోపల కందిపప్పు మాడి బొగ్గయిపోయింది. పక్కింటివాళ్లు వాసన పట్టి వచ్చాకే శవం బయటపడింది.

"ఆమె పప్పు పెట్టి పడుకుందా?" అని అడిగాడు.

"పడుకోదు బాబూ. కూతలు లెక్కపెట్టుకుంటాది. సెవుడు కదా, మిసన్లు ఎట్టుకుని పొయ్యి దగ్గిరే కూకుంటాది."

"ఏ మిషన్లు?"

"సెవి మిసన్లు. అవి లేకపోతే పక్కన పిడుగు పడ్డా ఇనబడదు."

వినికిడి మిషన్లు చిన్న నీలం పెట్టెలో, మంచం పక్కన అలమరాలో పొందిగ్గా సర్దిపెట్టి ఉన్నాయి. కుక్కరు కూతల కోసం కూర్చున్న మనిషి మిషన్లు తీసి పెట్టెలో పెట్టుకోదు. అంటే ఎవరో తీశారు. ఆమె తీయనిచ్చింది.

నీలం పెట్టె. దాలినాయుడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆ పెట్టెని ఇంతకుముందు చూశాడు. మొదటి కేసులో బంగారమ్మ తలగడ పక్కన. రెండోదాంట్లో టీవీ మీద. మూడోది గుర్తులేదు గాని, స్టేషన్‌కి వెళ్లి ఫోటోలు తెరిస్తే అక్కడా కిటికీలో కనిపించింది. ముసలివాళ్లు, నిద్రపోయేముందు మిషన్లు తీసి పెట్టుకుని ఉంటారని ఎవరూ పట్టించుకోలేదు. యంత్రం హంతకుడి పేరు చెప్పేశాక పెట్టెల సంగతి ఎవరికి కావాలి?

తెల్లవారి హైమవతి ఎదుట కూర్చుని ఆయన ఒకటే అడిగాడు.

"అమ్మా, పూర్తిగా చెవుడున్న మనిషి చెవుల్లోంచి మిషన్లు తీసేస్తే, ఆమెకి చివరగా ఏం వినబడుతుంది?"

"ఏమీ వినబడదు."

"మీ యంత్రానికి మాత్రం వినబడింది."

హైమవతి కీబోర్డు పక్కకి తోసింది. నలభై అయిదేళ్ల మనిషి, సగం జీవితం ఆ గాజు టోపీ చుట్టూనే గడిపింది. తల దించుకునే మాట్లాడింది.

"మనం మనసులో ఒక పాట అనుకున్నా, ఒకరి పిలుపు గుర్తుతెచ్చుకున్నా, మెదడులో పనిచేసేది ఆ చోటేనండీ. మామూలుగా బయటి శబ్దాల ముందు ఆ గుర్తు నిలవదు. బయట పూర్తిగా నిశ్శబ్దమైతే, ఆ సమయంలో మనిషి ప్రాణభయంతో ఎవరినైనా గట్టిగా తలుచుకుంటే..."

"తలుచుకున్నవాళ్ల గొంతు పడుతుంది."

"పడొచ్చు. వాళ్ల సొంత గొంతులోంచి వచ్చినంత స్పష్టంగా."

"అయితే ఆ ముగ్గురూ..." దాలినాయుడు పూర్తిచెయ్యలేదు. చచ్చిపోతూ ఎవరిని తలుచుకున్నారో వాళ్లకే బేడీలు వేశాడు తను. "ఇది మీకు ముందు తెలీదా?"

"ఒకాయన చెప్పాడు. ఫల్గుణరావని, నాతోపాటు మొదట్నుంచీ పనిచేశాడు. ట్రయల్స్‌లో ఒక చెవిటి పేషెంటు పోయాక, ఎప్పుడో చనిపోయిన అతని తల్లి గొంతు వచ్చిందని, యంత్రాన్ని ఆపాలని పట్టుబట్టాడు. అదేదో పొరపాటు రీడింగన్నాం. నిరూపించమన్నాం. కోపంతో మానేసి వెళ్లిపోయాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

హైమవతి జవాబు చెప్పేముందే ఆమె ముఖం పాలిపోయింది. ఫల్గుణరావు వినికిడి పరికరాల క్లినిక్ పెట్టుకున్నాడు.

డాబా గార్డెన్స్‌లో మేడ మీద రెండు గదుల క్లినిక్ అది. నడవలేని ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి మరీ మిషన్లు సరిచేసి వస్తాడని, చుట్టుపక్కల మంచి పేరుంది. దాలినాయుడు కానిస్టేబుళ్లని మెట్ల దగ్గర నిలబెట్టి ఒక్కడే లోపలికి వెళ్లాడు. యాభై దాటిన సన్నటి మనిషి బల్ల దగ్గర కూర్చుని, బ్రష్షుతో చిన్న మిషన్‌లోని దుమ్ము దులుపుతున్నాడు. పక్కన అరలో నీలం పెట్టెలు వరసగా ఉన్నాయి.

"కూర్చోండి ఇన్‌స్పెక్టరుగారూ," అన్నాడు తల ఎత్తకుండానే. "కాస్త ఆలస్యమైంది రావడం."

"నరసాయమ్మ ఇంటికి వెళ్లావు."

"వెళ్లాను. మిషన్ కుయ్యిమంటోందని తనే ఫోన్ చేసింది. ఇలా ఇవ్వమ్మా, శుభ్రం చేస్తానన్నాను. తీసి చేతిలో పెట్టింది." బ్రష్షు పక్కన పెట్టాడు. "అందరూ అలాగే ఇచ్చారు. నేనంటే వాళ్లకి నమ్మకం."

బుకాయిస్తాడని, సాక్ష్యం చూపించమంటాడని, లాయరు కావాలంటాడని అనుకుని వచ్చాడు దాలినాయుడు. ముప్ఫయి ఏళ్లలో హంతకులు ఎన్ని రకాలుగా అబద్ధమాడతారో అన్నీ విన్నాడు. ఇలా కాఫీ తాగుతూ చెప్పినట్టు చెప్పేవాణ్ని ఎప్పుడూ చూడలేదు.

"ఎందుకు చేశావు?"

"ఆ యంత్రం అబద్ధం చెప్తుందని రాసిచ్చాను. చేతులు పట్టుకుని చెప్పాను. నిరూపించు అన్నారు. చచ్చినవాళ్ల మీద పనిచేసే యంత్రాన్ని ఇంకెలా నిరూపిస్తాం?"

"ఒక ముసలమ్మని చంపి నిరూపించడమా?"

"రేపు అమాయకులెందరో ఉరికంబం ఎక్కుతారని నాకు తెలుసు. అది ఆపాలంటే ఒక కేసు చాలనుకున్నాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బంగారమ్మ దగ్గర పెట్టె ఎదురుగా పెట్టి వచ్చాను. మీరు చూస్తారు, చెవిటిది కదా, గొంతెలా విందని అడుగుతారు, అంతటితో అయిపోతుందనుకున్నాను. మీరు అడగలేదు. కొడుకుని పట్టుకెళ్లి పేపర్లో ఫోటో దిగారు. రెండోసారి చేశాను. మూడోసారీ చేశాను. ఎవరూ చూడలేదు. చివరికి గొంతే లేని భర్త ఉన్నావిడని వెతికి పట్టుకోవలసి వచ్చింది. అంతకంటే విడమర్చి ఎలా చెప్పనండీ?"

దాలినాయుడికి ఆ సన్నటి మెడ పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు.

"నలుగురిని చంపావురా."

"చంపిన చేతులు నావే. ఒప్పుకుంటాను, కోర్టులోనూ ఇదే చెప్తాను." ఫల్గుణరావు రెండు చేతులూ చాపాడు. "మొదటి చావుని మీరు సరిగ్గా చూసి ఉంటే మిగతా ముగ్గురూ ఈపాటికి ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుండేవాళ్లు. అది మాత్రం నా ఒక్కడి ఖాతాలో వెయ్యకండి."

బేడీలు వేస్తున్నప్పుడు తాళం రెండుసార్లు జారింది. ఫల్గుణరావే మణికట్టు కాస్త తిప్పి ఇచ్చాడు.

కేసులన్నీ మళ్లీ తెరిచారు. శ్రవణి సాక్ష్యం చెల్లదని హైకోర్టు తీర్పిచ్చింది. హైమవతి కోర్టు బోనులో నిలబడి, ఫల్గుణరావు మొదట చెప్పింది నిజమేనని తన నోటితోనే ఒప్పుకుంది. జైల్లో ఉన్న ముగ్గురినీ విడుదల చెయ్యమన్నారు. ఫల్గుణరావుకి జీవితఖైదు పడింది. తీర్పు విని అతను సంతృప్తిగా తలాడించాడని అక్కడున్నవాళ్లు చెప్పుకున్నారు.

విడుదల కబురు తనే స్వయంగా చెప్పాలని దాలినాయుడు జైలుకి వెళ్లాడు. మొదట నూకరాజుని పిలిపించాడు. బంగారమ్మ చిన్నకొడుకు, చేపల రేవులో కూలి. తాగుబోతు. తల్లితో గొడవపడి ఏడాదిపాటు ఇంటి గడప తొక్కనివాడు. అతని గొంతుతో శ్రవణి చెప్పిన మాట, "అమ్మా, ఆకలేస్తందే, అన్నం ఎట్టవే." తిండి పెట్టలేదని చంపాడని కోర్టు నమ్మింది.

జరిగిందంతా చెప్పి, దాలినాయుడు చివర్న అన్నాడు. "మీ అమ్మ ఊపిరాడక పోతూ నిన్నే తలుచుకుందిరా. నీకు శిక్ష పడింది అందుకే."

నూకరాజు ఇనపచువ్వలు పట్టుకున్నాడు.

"నన్నా? నాను ఆవిడికి ఏటి సేసేనని?" అన్నాడు. తర్వాత ముఖం తువ్వాల్లో పెట్టుకున్నాడు. కాసేపటికి అందులోంచే, "మా అన్నకి సెప్పండి బాబూ. తీసుకెల్లడానికి రమ్మనండి," అన్నాడు.

అన్న పేరు లోవరాజు. రేవు దగ్గర ఐసు డిపో నడుపుతాడు. తల్లిని చివరిదాకా చూసింది అతనే. కాళ్లు పడిపోయాక ఎత్తుకుని స్నానం చేయించింది, చెవి మిషన్లు కొనిపెట్టింది, రాత్రిళ్లు మంచం పక్కనే పడుకుంది అతనే. కోర్టులో తమ్ముడికి ఎదురుసాక్ష్యం చెప్పిందీ అతనే.

దాలినాయుడు చెప్పినంతసేపూ లోవరాజు ఐసుగడ్డల మీద రంపపు పొట్టు సర్దుతూనే ఉన్నాడు. తమ్ముడు నిర్దోషి అన్నప్పుడు తల ఊపాడు. ఫల్గుణరావు పేరు విన్నప్పుడు ఉమ్మేశాడు. ఆ గొంతు ఎందుకు వచ్చిందో చెప్పినప్పుడు మాత్రం చేతులు ఆగిపోయాయి.

"అంటే మాయమ్మ ఆకరికి ఆణ్ని తలుసుకుందా?"

"అవును."

"నన్ను కాదు."

దాలినాయుడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ పొద్దున్న నేనే గంజి తాపి డిపోకొచ్చేను. ఆడెక్కడున్నాడో కూడా ఆవిడికి తెలీదు." లోవరాజు గొంతు పెంచలేదు. "ఆడే సంపేశాడన్నారు. సరే, పాపిష్టోడు సంపేశాడనుకున్నాను. ఏడిసేను, ఊరుకున్నాను. అన్నం సయించేది, నిద్రట్టేది. ఇప్పుడొచ్చి ఇది సెప్తన్నారు. ఇది నాకెందుకు సెప్పేరు బాబూ?"

"తమ్ముణ్ని తీసుకురావడానికి జైలు దగ్గరికి వస్తావేమోనని."

"రాను." తిరిగి పొట్టు సర్దసాగాడు. "ఆడు సంపినోడైతేనే నయం."

మర్నాడు జైలు గేటు దగ్గర దాలినాయుడు ఒక్కడే జీపుతో నిలబడ్డాడు. నూకరాజు చిన్న సంచీ పట్టుకుని బయటికి వచ్చాడు. గెడ్డం గీయించుకున్నాడు. ఎండకి కళ్లు చికిలిస్తూ అటూ ఇటూ చూశాడు.

"మా అన్న రాలేదేటి?"

"డిపోలో లోడు దిగుతోంది. కుదరలేదు."

నూకరాజు జీపెక్కి, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొంచెంసేపాగి సిగ్గుపడుతున్నట్టు అడిగాడు.

"అమ్మ ఎవుల్ని తలుసుకుందో అన్నకి సెప్పేరా?"

"చెప్పాను."

"సంతోసించేడా?"

దాలినాయుడు ముప్ఫయి ఏళ్ల సర్వీసులో ఖైదీలకి చాలా అబద్ధాలు చెప్పాడు, నిజం రాబట్టడం కోసం. రోడ్డు వంకే చూస్తూ జీపు తాళం తిప్పాడు.

"సంతోషించాడు," అన్నాడు.